గవర్నర్‌పేట ఫ్రేముల షాపు: జెర్సీలు వద్దు, సొరుగులో కాగితాలు చూడండి

విజయవాడ గవర్నర్‌పేటలో, బీసెంట్ రోడ్డు పక్క సందులో ఫొటో ఫ్రేములు కట్టే షాపు ఒకటుంది. కొంతకాలంగా అక్కడ ఆటగాళ్ల సంతకాలున్న బ్యాట్లు, జెర్సీలు, బంతులు కూడా అమ్ముతున్నారు. తీర్పు ముందే చెప్పేస్తాం. గోడకు వేలాడే జెర్సీల్లో ఒక్కటీ కొనదగింది కాదు. బ్యాట్లు హాల్లో అందానికి పనికొస్తాయి, అంతే. కౌంటర్ కింద సొరుగులో ఉన్న కాగితాలు మాత్రం తీరిగ్గా కూర్చుని చూడాల్సినవి. షాపు పేరు రాయడం లేదు. ఇదే సరుకు, ఇవే కథలు గుంటూరు బ్రాడీపేటలోనూ, వేసవి ఎగ్జిబిషన్ స్టాళ్లలోనూ, ఇన్‌స్టాగ్రామ్ పేజీల్లోనూ నడుస్తున్నాయి. ఈ ఒక్క షాపు గడప తొక్కకపోతే సరిపోదు. సరుకును ఎలా చూడాలో తెలియాలి.

ధరలు ఇలా ఉన్నాయి. ఫ్రేము కట్టిన జెర్సీ 12,000 నుంచి 45,000 రూపాయలు. సంతకాలున్న చిన్న బ్యాటు 2,500. ‘మ్యాచ్‌లో వాడినది’ అని చెప్పే పెద్ద బ్యాట్లు 18,000 నుంచి 60,000 వరకు. బంతులు 4,000. సొరుగులో కాగితాలు 800 నుంచి 15,000. బేరం ఆడితే జెర్సీ మీద మూడో వంతు దాకా తగ్గిస్తారు. నిజంగా ఆటగాడు వేసుకున్న చొక్కా చేతిలో ఉన్నవాడు అంత తేలిగ్గా మూడో వంతు వదులుకోడు.

ఫ్రేము పని మాత్రం నికార్సైనది. లోతైన పెట్టె ఫ్రేము, ముందు అక్రిలిక్, అద్దానికీ గుడ్డకీ మధ్య ఖాళీ, మూలలు ఎక్కడా విడకుండా బిగింపు. మన ఊరి ఎండకీ ఉక్కకీ గుడ్డ అద్దానికి అంటుకుంటే సిరా అద్దం మీదికి దిగుతుంది, బూజు పడుతుంది. ఆ జాగ్రత్త వీళ్లకు బాగా తెలుసు. చిక్కల్లా వెనక వైపు. అక్కడ ప్లైవుడ్ కొట్టి, చుట్టూ గోధుమరంగు టేపు వేసి, పైన బంగారురంగు స్టిక్కరు అంటించారు. ‘స్టిక్కరు చింపితే గ్యారంటీ పోతుంది’ అంటారు. దాంతో కొనేవాడికి చొక్కా లోపలి లేబులూ కనపడదు, కుట్లూ కనపడవు, సంతకం వెనక వైపు సిరా ఎంత దిగిందో కూడా తెలియదు. చూడాల్సినవన్నీ లోపల ఉండిపోతాయి. ఫ్రేము విప్పి చూపించని జెర్సీకి ఫ్రేము ఖరీదే ఇవ్వాలి, పైసా ఎక్కువ కాదు.

అయినా విప్పకుండానే తేలిపోయేవి చాలా ఉన్నాయి. మధ్య గోడ మీద 2011 ప్రపంచకప్ ఫైనల్ జెర్సీ అని ఒకటి ఉంది. నీలం రంగు, నైకీ గుర్తు, ఛాతీ మీద పెద్దక్షరాల్లో అప్పటి స్పాన్సర్ సహారా పేరు. ఇక్కడే దొరికిపోయింది. ఐసీసీ టోర్నీల్లో ఛాతీ మీద దేశం పేరు ఉంటుంది, స్పాన్సర్ గుర్తు చేతి మీదికి పోతుంది. 2011 ఏప్రిల్ 2న వాంఖడేలో మనవాళ్లు వేసుకున్న చొక్కా మీద పెద్దగా ఉన్నది ఇండియా అనే పేరే. ఛాతీ మీద సహారా ఉన్నది మామూలు ద్వైపాక్షిక సిరీస్‌ల చొక్కా, అదీ బజారులో అమ్మిన నకలు. ఆ రోజు ఫొటో ఫోన్లో తీసి పక్కన పెడితే అర నిమిషంలో తేలే సంగతి ఇది.

దాని పక్కన తెల్ల చొక్కా. 2013 నవంబరులో వాంఖడేలో సచిన్ ఆడిన చివరి టెస్టుది అని చీటీ అంటించారు. వీపు మీద పేరు, కింద 10 అంకె. టెస్టు చొక్కాల మీద పేర్లూ అంకెలూ వచ్చింది 2019 ఆగస్టులో, ప్రపంచ టెస్టు ఛాంపియన్‌షిప్ మొదలైనప్పుడు. భారత్‌కు అది వెస్టిండీస్ పర్యటన. అంతకు ముందు ఏ దేశం టెస్టు చొక్కా మీదా వెనకాల అంకె లేదు. కాబట్టి 2019కి ముందటి టెస్టుది అంటూ అంకె ఉన్న చొక్కా ఎవరు చూపించినా, సంతకం దాకా వెళ్లాల్సిన పనే లేదు.

మూడోది కొత్తది: 2024 జూన్ 29 టీ20 ఫైనల్ జెర్సీ. బీసీసీఐ గుర్తు పైన రెండు నక్షత్రాలున్నాయి. ఆ ఫైనల్ ఆడేనాటికి మనకున్న టీ20 ప్రపంచకప్ ఒక్కటే, 2007ది. చొక్కా మీద నక్షత్రమూ ఒకటే. రెండోది ఆ మ్యాచ్ గెలిచాక వచ్చింది. గెలవక ముందే గెలుపు నక్షత్రం ఉన్న చొక్కా వేసుకుని ఎవరూ ఆడలేదు.

గుంటూరులో ఇదే కోవలో మరో సరుకు తిరుగుతోంది, అంబటి రాయుడు జెర్సీలు. గుంటూరులో పుట్టిన ఆటగాడు కాబట్టి ‘మా వీధివాళ్లకు తెలిసినవాళ్లు’ అనే కథ సులువుగా అల్లుకుంటుంది. రెండు సంగతులు గుర్తుంచుకుంటే చాలు. రాయుడు 2019 ప్రపంచకప్ జట్టులో లేడు. కాబట్టి ‘2019 ప్రపంచకప్ రాయుడు జెర్సీ’ అనేది ఉండే వీల్లేదు. ఇక ఐపీఎల్‌లో అతను ఆడిన చెన్నై సూపర్ కింగ్స్ చొక్కాలు. 2018లో ఛాతీ మీద ముత్తూట్, రాయుడు చివరగా ఆడిన 2023 సీజన్లో టీవీఎస్ యూరోగ్రిప్. ఏడాదికీ స్పాన్సర్‌కీ పొత్తు కుదరకపోతే అక్కడితో ఆపండి.

స్పాన్సర్ల వరుస తెలిసి ఉండటం ఈ వ్యవహారంలో సగం చదువు. భారత జట్టు ఛాతీ మీద 1990ల్లో విల్స్, తర్వాత 2013 దాకా సహారా, 2014 నుంచి స్టార్, 2017 నుంచి ఒప్పో, 2019 సెప్టెంబరు నుంచి బైజూస్, 2023 నుంచి 2025 దాకా డ్రీమ్11. కుట్టిన కంపెనీలు: 2006 నుంచి 2020 దాకా నైకీ, ఆ తర్వాత ఎంపీఎల్, 2023లో కొన్ని నెలలు కిల్లర్, ఆ ఏడాది జూన్ నుంచి అడిడాస్. దొంగ సరుకు చేసేవాళ్లు సంతకం మీద పెట్టిన శ్రద్ధ దీని మీద పెట్టరు. ఒకే అచ్చు చొక్కా వందల్లో తెప్పించుకుని దాని మీదే నాలుగు వేర్వేరు మ్యాచ్‌ల పేర్లు రాసి అమ్ముతారు.

విప్పి చూపించడానికి ఒప్పుకుంటే వరుసగా ఇవి చూడండి. మెడ వెనకా, పక్క కుట్టు లోపలా ఉన్న లేబుళ్లు: ఎంఆర్‌పీ, తయారీదారు చిరునామా, ‘మార్కెటెడ్ బై’ అని ఉంటే అది షాపులో కొన్నది. ఆటగాడు వేసుకున్నది అయితే కాలరు లోపల, చంకల్లో చెమట తాలూకు పసుపు, ఉతుకుల్లో చెరిగిన లేబులు అచ్చు, మోచేతుల దగ్గర పచ్చిక గీతలు ఉండాలి. ఏమీ లేని కొత్త చొక్కా ‘మ్యాచ్‌లో వేసుకున్నది’ కాలేదు. ఇక సంతకం. మార్కర్‌తో పాలియెస్టర్ మీద రాస్తే గుడ్డ పెన్నుతో పాటు లాగుతుంది. గీత అక్కడక్కడా తెగుతుంది, మలుపుల దగ్గర సిరా ముద్దవుతుంది, గుడ్డ వెనక్కి దిగుతుంది. ఇక్కడి జెర్సీల్లో ఒకదాన్ని వెనక నుంచి చూడనిచ్చారు. సంతకం ముందు వైపు నల్లగా నిగనిగలాడుతోంది, వెనక చుక్క సిరా లేదు. వేలి గోరుతో తడిమితే పలచని పొరలా తగులుతోంది. అది వేడితో అంటించిన ప్రింటు. 28,000 రూపాయల చీటీ ఉన్నది దాని మీదే.

జెర్సీల కథ ఒకటే: జట్టు బస చేసిన హోటల్లో పనిచేసే బంధువుకు ఆటగాడు ఇచ్చాడు. ఇలాంటి పుట్టుపూర్వోత్తరాలు విన్నప్పుడు ఆ బంధువు మంచివాడా కాదా అన్న చర్చలోకి దిగకూడదు. ఎప్పుడు, ఏ ఊరు, ఏ హోటలు, ఆ రోజు జట్టు ఆ ఊళ్లోనే ఉందా, ఎవరి ముందు సంతకం పెట్టారు, ఏ పెన్నుతో, ఆ రోజే ఇంకేమైనా సంతకాలు పెట్టించుకున్నారా, అవి ఇప్పుడు ఎవరి దగ్గరున్నాయి, అక్కడి నుంచి ఈ షాపు దాకా ఎన్ని చేతులు మారింది, ప్రతి చేతి దగ్గరా ఏం కాగితం ఉంది. ఇవన్నీ అడగండి. నిజం చెప్పేవాడు కొన్నింటికి ‘తెలియదు’ అంటాడు, మిగతావాటికి జవాబు ఎన్నిసార్లు అడిగినా మారదు. అల్లిన కథలో ప్రతి ప్రశ్నకూ జవాబు ఉంటుంది, రెండోసారి అడిగితే ఊరు మారుతుంది. ఈ షాపులో ఒకే చొక్కాకు కౌంటర్ దగ్గర చెన్నై హోటలు, ఫోన్లో అడిగితే బెంగళూరు హోటలు అన్నారు.

దీనికన్నా బాగా నమ్మించే కథ బంతిది. అది లోకల్ కథ కాబట్టి కాస్త విడమరిచి చెప్పాలి. 2002 నవంబరు 24న ఇందిరాగాంధీ స్టేడియంలో భారత్, వెస్టిండీస్ వన్డే జరిగింది. సిరీస్‌లో ఏడోది, చివరిది. మార్లన్ శామ్యూల్స్ 108 నాటౌట్, మనవాళ్లు 135 పరుగుల తేడాతో ఓడి సిరీస్ 4-3తో పోగొట్టుకున్నారు. బెజవాడలో ఆ మ్యాచ్ చూసినవాళ్లు ఇంటికొకరు ఉంటారు. ‘ఆ మ్యాచ్ బంతి, గ్రౌండులో పనిచేసిన పెద్దాయన కొడుకు అమ్మాడు’ అంటే మనసు ఇట్టే కరుగుతుంది. షాపులో ఉన్న బంతి ఎర్రది. ఆ వన్డే రంగు దుస్తులతో, తెల్ల బంతితో ఆడారు. తెల్ల బంతి పాతబడితే మట్టిరంగుకు, పచ్చిక మరకలకు తిరుగుతుంది గానీ ఎర్రబడదు. పైగా తోలు మీద అరిగిన బంగారు అచ్చును భూతద్దంలో చూస్తే ఎస్‌జీ కంపెనీ ‘క్లబ్’ రకం అని చదవొచ్చు. అది కాలేజీ, లీగ్ మ్యాచ్‌లకు వాడే రకం. ఆ గ్రౌండులో పనిచేసిన పెద్దాయన ఉండొచ్చు, కొడుకు ఉండొచ్చు, ఆ బంతి ఆ గ్రౌండుదే అయి కూడా ఉండొచ్చు. ఆ మ్యాచ్‌ది మాత్రం కాదు.

బంతి కొనేటప్పుడు తూకం కూడా వేయించండి. నిబంధన ప్రకారం కొత్త బంతి 155.9 నుంచి 163 గ్రాములు, చుట్టుకొలత 22.4 నుంచి 22.9 సెంటీమీటర్లు. 140 గ్రాములు తూగే ముద్దలు, మధ్యలో దారానికి బదులు రబ్బరు కూరినవి, ఈ బజారులో బాగానే ఉన్నాయి. కుట్టు కూడా చెబుతుంది. మన దేశంలో టెస్టులకు వాడే ఎస్‌జీ బంతికి కుట్లన్నీ చేత్తో వేసినవే, సీము, అంటే నడుమ కుట్ల వరుస, లేచి వేలికి గట్టిగా తగులుతుంది. కూకబుర్రా కంపెనీ బంతికి లోపలి రెండు వరుసలే చేతికుట్టు, బయటివి మెషీన్‌వి. ‘ఐపీఎల్ బంతి’ అని ఎర్ర ఎస్‌జీ చూపిస్తే ఇక మాట్లాడే పని లేదు, అక్కడ వాడేది తెల్ల కూకబుర్రా.

ఇక బ్యాట్లు. చిన్న బ్యాట్ల మీద 1983 జట్టు సంతకాలు అని పదహారు పేర్లున్నాయి. ఆ జట్టులో ఆటగాళ్లు 14 మంది. మేనేజరు, మన హైదరాబాదు పి.ఆర్. మాన్‌సింగ్‌ను కలుపుకుంటే 15. పదహారోది ఎవరిదో చదవడానికి రాలేదు, అడిగితే షాపువాళ్లూ చెప్పలేదు. పైగా ‘నలభై ఏళ్ల పండగకు 2023లో పెట్టినవి’ అంటారు. యశ్‌పాల్ శర్మ 2021 జులైలోనే కన్నుమూశారు. ఆయన సంతకం ఆ బ్యాటు మీద స్పష్టంగా ఉంది. 2011 జట్టు బ్యాటు మీద రోహిత్ శర్మ సంతకం ఉంది, రోహిత్ ఆ ప్రపంచకప్ జట్టులో లేడు. జట్టు సంతకాలు ఏవి కొన్నా ముందు పేర్ల పట్టీ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ టిక్కు పెట్టండి. ఉండకూడనివాడు ఉన్నా, ఉండాల్సినవాడు లేకపోయినా సమాధానం అడగండి.

ఈ చిన్న బ్యాట్ల సంతకాలు అచ్చువేసినవని నగల పనివాళ్లు వాడే పది రెట్ల భూతద్దంలో తెలిసిపోతుంది. పెన్ను గీత నిండుగా ఉంటుంది, చెక్క నారల వెంట సన్నగా పాకుతుంది. అచ్చు అయితే గీత లోపల నీలం, గులాబీ, పసుపు చుక్కలు కనపడతాయి, లేదా రంగు పొడిలా పైన కూర్చుని నారలోకి దిగదు. రబ్బరు స్టాంపు అయితే అంచుల దగ్గర సిరా గట్టిగా, మధ్యలో పలచగా. మరో గుర్తు: ఒకే ఆటగాడి సంతకం ఉన్న రెండు బ్యాట్లు తీసుకుని, ఒకదాని మీద పలచని కాగితం పెట్టి గీసి రెండోదాని మీద పెట్టండి. గీతకు గీత సరిపోతే రెండూ అచ్చువే, లేదా మెషీన్ చేత పెట్టించినవి. మనిషి తన సంతకాన్ని రెండుసార్లు ఒక్కలా పెట్టలేడు. 2,500కి అచ్చు సంతకాల బ్యాటు పిల్లవాడి బల్ల మీదకు కొనాలనుకుంటే తప్పేం లేదు. బిల్లు మీద ‘అచ్చు సంతకం’ అని రాయించుకోండి, ధర అప్పుడే 800కి దిగుతుంది.

పెద్ద బ్యాట్లలో ఒకదానికి పెట్టిన పేరు ‘ధోనీ ఫైనల్ సిక్సర్ బ్యాటు’. 2011 ప్రపంచకప్ ఫైనల్లో ధోనీ వాడిన బ్యాటును 2011 జులైలో లండన్‌లో సేవాకార్యక్రమం కోసం వేలం వేశారు, లక్ష పౌండ్లకు పోయింది. అత్యంత ఖరీదైన క్రికెట్ బ్యాటుగా గిన్నిస్ రికార్డుల్లోకీ ఎక్కింది. గవర్నర్‌పేటలో 60,000కి దొరికేది అది కాదు. మిగతా బ్యాట్లకు కొలబద్ద చాలు. 2017 అక్టోబరు నుంచి బ్యాటు అంచు మందం 40 మిల్లీమీటర్లు, నడుమ మందం 67 మిల్లీమీటర్లు దాటకూడదు. ఇక్కడ ‘2019 ఐపీఎల్‌లో వాడినది’ అన్న బ్యాటు అంచు వెర్నియర్‌తో కొలిస్తే 43 వచ్చింది. చెక్క కూడా చూడండి. అంతర్జాతీయ ఆటగాళ్లు వాడేది ఇంగ్లిష్ విల్లో, తెల్లగా, గ్రెయిన్స్ (చెక్కలో కనపడే నిలువు గీతలు) నిటారుగా ఉంటుంది. కాశ్మీర్ విల్లో గోధుమరంగులో, బరువుగా ఉంటుంది. స్టిక్కర్లతో ముఖమంతా కప్పినా వెనక వైపూ, కింద మడమ దగ్గరా చెక్క రంగు దాగదు. నిజంగా మ్యాచ్‌లో వాడిన బ్యాటును రుజువు చేసే మార్గం ఫొటో పోలిక ఒక్కటే. గ్రెయిన్స్ సంఖ్య, ముడి ఉంటే దాని చోటు, స్టిక్కరు ఎంత వంకరగా అంటింది, అంచు మీద పగులు ఎక్కడుంది, ఇవన్నీ ఆ రోజు తీసిన దగ్గరి ఫొటోతో సరిపోవాలి. మనిషి వేలిముద్ర లాగే ఏ రెండు చెక్కల గ్రెయిన్స్ ఒకటి కావు.

ఇప్పుడు సొరుగు. షాపువాళ్లకు దీని మీద పెద్ద పట్టింపు లేదు. పాత పుస్తకాల వ్యాపారి ఎవరో తూకానికి అమ్మిన కట్టల్లో వచ్చాయట. ఈ మాట కథలా లేదు, అందుకే నమ్మబుద్ధి వేస్తుంది. అందులో ఒక ఆల్బమ్ పేజీ ఉంది. అరచేతి వెడల్పు, లేత గులాబీ రంగు, కింద అంచు చిరిగింది. మధ్యలో నీలినలుపు సిరాతో సి.కె. నాయుడు అని ఇంగ్లిష్ సంతకం, దాని కింద మరో నాలుగు పేర్లు.

సి.కె. సంతకాల్లో దొంగవి ఎక్కువగా 1932 పేరుతో వస్తాయి. భారత్ మొదటి టెస్టు 1932 జూన్ 25న లార్డ్స్‌లో, కెప్టెన్ సి.కె. అందుకే ఆ ఏటి సంతకానికి ధర. ఆ జట్టు కాగితం అని ఎవరైనా చూపిస్తే అందులో విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ, సి.ఎస్. నాయుడు పేర్లున్నాయేమో చూడండి. ముగ్గురూ ఆ పర్యటనకు వెళ్లలేదు. పర్యటన కెప్టెన్‌గా వెళ్లిన పోర్‌బందర్ మహారాజు సంతకం ఉండాలి. బాల్‌పెన్నుతో రాసి ఉంటే చూడటం కూడా దండగ, బాల్‌పెన్నులు అమెరికా బజారులోకి వచ్చిందే 1945లో. మార్కర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, షార్పీ మార్కరు పుట్టింది 1964లో.

ఈ గులాబీ పేజీ 1932ది అని ఎవరూ అనడం లేదు, అదే దాని బలం. ఆంధ్ర జట్టు 1953-54లో రంజీ ట్రోఫీలోకి అడుగుపెట్టినప్పుడు మొదటి కెప్టెన్ సి.కె.నే. పుట్టింది నాగపూర్‌లో, మూలాలు మచిలీపట్నంలో. అప్పటికి ఆయన వయసు 58. ఆ వయసు సంతకాన్ని 1932 నాటి సంతకంతో పోల్చకూడదు, 1950ల్లో పెట్టినవాటితోనే పోల్చాలి. పేజీ మీద గీత కొంచెం నెమ్మదిగా ఉంది కానీ వణుకు లేదు. అక్షరం చివర తోక సన్నబడి గాలిలోకి లేచిపోయింది. చూసి గీసేవాడి గీత మొదలూ చివరా మొద్దుగా ఆగుతుంది, మధ్యలో పెన్ను ఎత్తి మళ్లీ పెట్టిన అతుకులు ఉంటాయి. ఇక్కడ అవి లేవు. భూతద్దంలో ఒత్తి రాసిన చోట పాళీ రెండుగా చీలి, అంచుల్లో రెండు ముదురు గీతలు, నడుమ లేత గీత కనపడుతున్నాయి. అది పాళీ పెన్ను లక్షణం. సిరా అంచుల్లో గోధుమరంగుకు తిరిగింది, పేజీ వెనక్కి మసకగా దిగింది.

అతినీలలోహిత టార్చి, 365 నానోమీటర్లది, వేసి చూస్తే కాగితం మెరవదు, మందంగా ఉండిపోతుంది. కాగితానికి తెల్లదనం తెచ్చే రసాయనాలు విరివిగా వాడటం మొదలైంది 1950ల్లో. పాత కాగితం అని చెప్పింది టార్చి కింద నీలంగా వెలిగితే అనుమానించాలి. వెలగకపోవడం ఒక్కటే రుజువు కాదు, పాత పుస్తకాల్లోంచి ఖాళీ పేజీలు చింపి వాటి మీద రాసేవాళ్లున్నారు. అలా చేసినప్పుడు అరిగిన పాత కాగితం నారల్లోకి కొత్త సిరా పాకి గీత అంచులు ఈకల్లా విచ్చుకుంటాయి. ఈ పేజీలో అంచులు శుభ్రంగా ఉన్నాయి. రాసినప్పుడు కాగితం కొత్తది.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం షాపులోనే వేరే చోట పడి ఉంది. ఆ పేజీ ఒక పూర్తి ఆల్బమ్‌లోది. అట్ట లోపల విద్యార్థి పేరు, తరగతి, 1953-54 అని అదే కాలపు సిరాతో రాసి ఉంది. అమ్మకానికి వీలుగా షాపువాళ్లు పేజీలు చింపేశారు, అట్టను ఫ్రేముల ముక్కల బుట్టలో వేశారు. ఇది నిజంగా బాధ కలిగించే పని. ఆ అట్ట ఉంటేనే ఆ సంతకం ఎవరి చేతిలో, ఏ ఏడాది, ఏ ఊళ్లో పడిందో చెప్పగలం. ఏడాది సరిగ్గా సి.కె. ఆంధ్రకు ఆడిన ఏడాదే, దాన్ని డబ్బు కోసం ఎవరూ రాయలేదు. చిరిగిన కింద అంచు అట్టలో మిగిలిన మొదలుతో పంటికి పన్ను సరిపోతోంది. ఈ పేజీని నమ్మదగిన సరుకుగానే లెక్కపెట్టొచ్చు.

సొరుగులో రెండో మంచి వస్తువు చెస్ స్కోరుషీట్లు, అంటే ఆడుతూ ఆటగాళ్లు ఎత్తులు రాసుకునే కాగితాలు. కోనేరు హంపి విజయవాడ అమ్మాయి, 2002లో గ్రాండ్‌మాస్టర్ అయింది, 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. చెస్ ఆటగాళ్లు హరికృష్ణ, హారిక గుంటూరువాళ్లు. ఈ రెండు ఊళ్లలో చెస్ కాగితాలు ఇళ్లలో దొరకడం సహజం. పైగా స్కోరుషీటును దొంగగా చేయడం చాలా కష్టం. సంతకం అయితే నాలుగు అక్షరాలు, ఇందులో నలభై ఎత్తుల చేతిరాత ఉంటుంది. టోర్నీ పేరు, రౌండు, తేదీ, ఇద్దరి పేర్లు, ఫలితం ఉంటాయి. ఆ ఆట ఆన్‌లైన్ డేటాబేసుల్లో ఉంటే ఎత్తుకు ఎత్తు పోల్చుకోవచ్చు. కొట్టేసి మళ్లీ రాసిన ఎత్తు, టైమ్ తక్కువైన చోట గజిబిజి రాత ఉంటే ఇంకా మంచిది, చూసి రాసేవాడికి ఆ తొందర రాదు. స్కోరుషీటు రెండు పొరలుగా ఉంటుంది, పైన రాసింది కిందికి దిగుతుంది. అడగాల్సింది ఒక్కటే: పై కాపీయా, కింది కాపీయా. ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే నిబంధనల ప్రకారం స్కోరుషీట్లు నిర్వాహకుల ఆస్తి. పై కాపీ ఆర్బిటర్ (ఆట న్యాయనిర్ణేత) దగ్గరికి పోతుంది, కింది కాపీ ఆటగాడి దగ్గర ఉంటుంది. పై కాపీ అమ్మకానికి వస్తే నిర్వాహకుల ఇంటి నుంచి వచ్చిందేమో కనుక్కోవాలి. ఇక్కడున్నవి కింది కాపీలు, ఒక్కోటి 3,500. జూనియర్ టోర్నీవి. ఆ ధర న్యాయమే.

షాపు ప్రతి వస్తువుతోనూ ఇచ్చే సర్టిఫికెట్ గురించి ఎక్కువ రాయడానికి ఏం లేదు. మెరిసే కాగితం, హోలోగ్రామ్, ‘నూరు శాతం అసలు’ అనే మాట. ఎవరు పరిశీలించారో పేరు లేదు, నంబరు వెతికి చూసుకునే చోటు లేదు, హోలోగ్రామ్ ఫ్రేముకు అంటించారు, వస్తువుకు కాదు. రేపు ఫ్రేములో ఇంకో చొక్కా పెట్టినా సర్టిఫికెట్ అదే. అమెరికాలో ఎఫ్‌బీఐ ‘ఆపరేషన్ బుల్‌పెన్’ పేరుతో 1990ల చివర్లో దొంగ సంతకాల ముఠాలను పట్టుకున్నప్పుడు మదర్ థెరిసా పేరుతో సంతకం చేసిన బేస్‌బాల్ బంతులు కూడా దొరికాయి. అలాంటివాటికీ సర్టిఫికెట్లు పుట్టించడం పెద్ద కష్టం కాలేదు. సర్టిఫికెట్ ఇచ్చినవాడూ అమ్మినవాడూ ఒకడే అయితే అది బిల్లుతో సమానం, అంతకన్నా తక్కువే.

కాబట్టి బిల్లే సరిగ్గా రాయించుకోండి. ‘జెర్సీ ఫ్రేము 1’ అని కాకుండా వస్తువు ఏది, సంతకం ఎవరిది, చేత్తో పెట్టినదా, మ్యాచ్ తేదీ, తప్పని తేలితే డబ్బు వాపసు అని రాసి, షాపు సీలు వేయించాలి. డబ్బు యూపీఐలో కట్టండి. తేడా వస్తే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే చాలాసార్లు అక్కడే తేలుతుంది. ఈ షాపులో జెర్సీకి అలా రాసివ్వమంటే కుదరదన్నారు. ఆల్బమ్ పేజీకి, స్కోరుషీట్లకు రాసిస్తామన్నారు.

కొన్న కాగితానికి ఫ్రేము ఇక్కడే కట్టించుకోవచ్చు, పనితనం బాగుంది కాబట్టి. మూడు షరతులు పెట్టండి. వెనక ప్లైవుడ్ కాకుండా ఆమ్లం లేని మౌంట్ బోర్డు. జిగురు, టేపు కాగితానికి తగలకుండా మూలల్లో జేబులు. ముందు మామూలు అద్దానికి బదులు యూవీని ఆపే అక్రిలిక్. వీటికి ఫ్రేము ధర మీద 600 దాకా ఎక్కువ అడుగుతారు, ఇవ్వొచ్చు. పడమటి గోడకు మాత్రం తగిలించకండి.

సి.కె. పేజీకి చెప్పే ధర 15,000. పేజీ ఒక్కటే అయితే అది ఎక్కువ. అట్ట, మిగిలిన పేజీలు కలిపి ఇస్తే సరైన ధర. అట్టను చెత్త కింద పడేయకముందే అడగండి. అది కూడా కావాలంటే ఊరికే ఇచ్చేస్తామన్నారు.